ఏడు రోజుల లోటు

"ఇమ్యూనిటీ పెంచుతుంది" అని రాసున్న సీసా కనబడితే నాకొచ్చే సందేహం ఒక్కటే. దేన్ని పెంచుతుంది? తెల్ల రక్తకణాల సంఖ్యనా? మైక్రోలీటరు రక్తంలో అవి 4,000 నుంచి 11,000 దాకా ఉండాలి. 30,000 ఉన్నాయని రిపోర్టు వస్తే ఏ డాక్టరూ శభాష్ అనడు. ఇన్ఫెక్షన్ ఎక్కడ దాక్కుందో వెతుకుతాడు, అదీ దొరక్కపోతే బ్లడ్ క్యాన్సరేమోనని చూస్తాడు. పోనీ ఐజీఈ యాంటీబాడీలనా? అవి ఎక్కువైతే తుమ్ములు, దద్దుర్లు, ఆయాసం. టీఎన్‌ఎఫ్ అనే రసాయనాన్నా? అది అవసరం తీరాక కూడా తగ్గకుండా ఉండిపోతే కీళ్లవాతం. దాన్ని అణచడానికే ఖరీదైన ఇంజెక్షన్లు వాడుతున్నారు. సీసా మీద ఈ వివరం ఎప్పుడూ ఉండదు.

నేను చెప్పదల్చుకున్నది ఇది. తిండికి లోటు లేక, పెద్ద జబ్బులేవీ లేని మనిషిలో రోగనిరోధక వ్యవస్థకి బలం చాలినంత ఉంటుంది. చాలనిది టైము. మునుపెన్నడూ చూడని క్రిమి ఒంట్లోకి దిగిన దగ్గర్నుంచి, ప్రత్యేకించి ఆ క్రిమికే సరిపోయే టీ కణాలూ (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) యాంటీబాడీలూ తయారై పనిలో దిగేదాకా దాదాపు వారం పడుతుంది. క్రిమి అంతదాకా ఆగదు. కొన్ని బ్యాక్టీరియాలు అనుకూలిస్తే అరగంటలోపే రెండింతలవుతాయి. జ్వరం, చీము, టీకాల మధ్య గడువులు, కుక్క కరిచాక కూడా టీకా పనిచెయ్యడం, ఫ్లూ టీకా వేయించుకున్నా ఫ్లూ రావడం... వీటన్నిటికీ సమాధానం ఆ వారం రోజుల లోటులోనే దొరుకుతుంది.

క్రిమిని అసలు లోపలికే రానివ్వని గోడల గురించి ఎక్కువ చెప్పను. చర్మం పైపొర కాస్త ఆమ్లంగా ఉంటుంది, పొట్టు రాలుతూ తనతోపాటు క్రిముల్నీ తీసుకుపోతుంది. శ్వాసనాళాల్లోని సన్నటి నూగు సెకనుకి 10-15 సార్లు ఊగుతూ కఫాన్ని గొంతు వైపు ఎగదోస్తుంది. పొగతాగేవాళ్లలో ఆ నూగు దెబ్బతింటుంది కాబట్టి ఆ పని దగ్గు మీద పడుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లం సంగతి మాత్రం లెక్కతో చెప్పుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కలరా రావాలంటే మామూలుగా కోట్ల కొద్దీ క్రిములు కడుపులోకి వెళ్లాలి, ఎక్కువ భాగం ఆమ్లంలోనే చచ్చిపోతాయి. అదే ఆమ్లాన్ని సోడా బైకార్బొనేట్‌తో విరిచేస్తే పది వేల నుంచి పది లక్షల క్రిములు సరిపోతాయని వాలంటీర్ల మీద చేసిన పరీక్షల్లో తేలింది. ఎసిడిటీ బిళ్లలు నెలల తరబడి మింగేవాళ్లకి పేగు ఇన్ఫెక్షన్లు ఎక్కువ కావడానికి ఇదే కారణం. రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లా ఆమ్లానికి జంకదు, దానికి వంద క్రిములైనా చాలు. అందుకే కలరా ప్రధానంగా నీళ్ల ద్వారా పాకితే, షిగెల్లాకి కడుక్కోని చేతులు చాలు.

ఇక గోడ దాటాక. వేలికి ముల్లు గుచ్చుకుందనుకుందాం.

చర్మం అడుగున క్రిముల్ని మింగే మాక్రోఫేజ్ అనే కణాలు ముందునుంచే కాపురం ఉంటాయి. వాటి మీద ఉండే టోల్ రిసెప్టర్లు వచ్చింది ఏ క్రిమి అని చూడవు. మన ఒంట్లో ఎక్కడా ఉండని సరుకు తగిలిందా లేదా అన్నంతవరకే చూస్తాయి: బ్యాక్టీరియా గోడలోని ముక్క, దాని తోకలోని ప్రొటీన్, వైరస్ ఆర్‌ఎన్‌ఏ లాంటివి. తగిలిన నిమిషాల్లోనే రసాయనాలు వెలువడతాయి. దగ్గర్లోని సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి, చోటు ఎర్రబడి వేడెక్కుతుంది. నాళం గోడలో కణాల మధ్య సందులు వదులవుతాయి, రక్తంలోని ద్రవం, అంటే ప్లాస్మా, బయటికి ఊరి వాపు వస్తుంది. నరాల కొసలు రేగి సలుపు మొదలవుతుంది. ఊరిన ప్లాస్మాతో పాటే కాంప్లిమెంట్ ప్రొటీన్లు వస్తాయి. వాటిలో సీ3 అనేది రెండుగా చీలి, ఒక ముక్క క్రిమికి అతుక్కుని "దీన్ని మింగొచ్చు" అని గుర్తు వేస్తుంది. వరసలో చివరి ప్రొటీన్లు కలిసి కొన్ని బ్యాక్టీరియాల పొరకి బెజ్జం పెడతాయి.

ఈలోగా రక్తనాళం లోపలి గోడ మీద జిగురు ప్రొటీన్లు మొలుస్తాయి. పక్కనుంచి కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం వాటికి తగులుకుని, దొర్లుతూ నెమ్మదించి, ఆగిపోయి, సందులోంచి దూరి బయటికి వస్తుంది. గంట, రెండు గంటల్లో మొదటివి చేరతాయి, రోజు తిరిగేసరికి చోటంతా అవే. క్రిమిని మింగి, లోపల హైడ్రోజన్ పెరాక్సైడ్, దాని నుంచి హైపోక్లోరస్ ఆమ్లం తయారుచేసి చంపుతాయి. బ్లీచింగ్ పౌడరు నీళ్లలో క్రిముల్ని చంపేది కూడా ఈ ఆమ్లమే. కొన్ని న్యూట్రోఫిల్స్ చస్తూ చస్తూ తమ డీఎన్‌ఏనే వలలా విసిరి క్రిముల్ని పట్టేస్తాయి. ఈ సంగతి 2004 దాకా ఎవరికీ తెలియదు. అలా చచ్చిన న్యూట్రోఫిల్స్, సగం కరిగిన కండ, క్రిముల శవాలు కలిసిందే చీము. ఎముక మజ్జ రోజుకి సుమారు పది వేల కోట్ల న్యూట్రోఫిల్స్ తయారుచేస్తుంది. చావడం వాటి పనిలో భాగమే కాబట్టి అన్ని కావాలి.

ముల్లు ఉదాహరణ నేను కల్పించింది కాదు. 1882లో ఇల్యా మెచ్నికోవ్ సిసిలీలోని మెస్సీనాలో పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లలో గులాబీ ముల్లు గుచ్చి, మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే ముల్లు చుట్టూ కదిలే కణాలు మూగి ఉన్నాయి. కణాలు క్రిముల్ని మింగుతాయన్న సిద్ధాంతం అక్కడే మొదలైంది. రక్తద్రవంలోని యాంటీబాడీలే సర్వస్వం అనేవాళ్లతో ఆయనకి ఏళ్ల తరబడి తగువు. చివరికి 1908లో నోబెల్ కమిటీ బహుమతిని ఆయనకీ, అవతలి పక్షపు పాల్ ఎర్లిక్‌కీ కలిపి ఇచ్చింది. ఇద్దరిదీ నిజమే: ఒకరిది మొదటి రోజు సంగతి, ఇంకొకరిది రెండో వారం సంగతి.

చీము గడ్డకి యాంటీబయాటిక్ ఒక్కటే ఎందుకు చాలదో ఇక్కడే తెలిసిపోతుంది. గడ్డ మధ్యలో రక్తనాళాలు ఉండవు, మందు అక్కడిదాకా చేరదు. చేరినా లోపల ఆమ్లం ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. కొన్ని మందులు ఆ స్థితిలో పనిచెయ్యవు. పైగా అక్కడి బ్యాక్టీరియా పెరగడం మానేసి కూర్చుంటుంది, పెరిగే బ్యాక్టీరియానే దెబ్బతీసే మందులకి అది దొరకదు. కోసి చీము తీయాల్సిందే. వేళ్లతో నొక్కితే లోపలి గోడ పగిలి క్రిములు పక్కకి పాకుతాయి.

న్యూట్రోఫిల్స్ లేకపోతే ఏమవుతుందో కీమోథెరపీ వార్డుల్లో కనిపిస్తుంది. వాటి సంఖ్య మైక్రోలీటరుకి 500 కంటే కిందికి పడిపోయిన రోగికి ఇన్ఫెక్షన్ వస్తే చీము పట్టదు, ఎరుపు అంతగా రాదు, న్యుమోనియా ఉన్నా ఎక్స్‌రేలో మచ్చ స్పష్టంగా ఉండకపోవచ్చు. జ్వరం ఒక్కటే ఆనవాలు. అందుకే వాళ్లకి ఒక్కసారి 38.3 సెల్సియస్ వచ్చినా, 38 గంటసేపు నిలిచినా అత్యవసరం కిందే లెక్క. గంటలోపు నరానికి యాంటీబయాటిక్ ఎక్కించాలి. జ్వరం బిళ్ల వేసి "చూద్దాం" అనుకుంటే ఆ ఒక్క ఆనవాలూ పోతుంది. యాంటీబయాటిక్ క్రిముల సంఖ్య తగ్గిస్తుంది, మిగతా ఊడ్పు పని శరీరం చెయ్యాలి. ఆ ఊడ్చేవాళ్లే లేని చోట మందు ఒక్కటే పోట్లాడాలి.

వైరస్ దారి వేరు. అది కణం లోపలికి దూరి, ఆ కణం యంత్రాంగంతోనే పిల్లల్ని చేయిస్తుంది. లోపల ఉన్నదాన్ని న్యూట్రోఫిల్ మింగలేదు. సోకిన కణం చచ్చేలోపు ఇంటర్‌ఫెరాన్ విడుదల చేస్తుంది. అది చుట్టుపక్కల కణాలకి తగిలితే అవి ప్రొటీన్ తయారీ తగ్గించుకుని, పరాయి ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైములు సిద్ధం చేసుకుంటాయి. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ దీన్ని కనిపెట్టారు. ఒళ్లునొప్పులు, నీరసం, ఏమీ తినబుద్ధి కాకపోవడం వైరస్ చేసే పనులని అందరూ అనుకుంటారు. హెపటైటిస్-సి రోగులకి ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్‌నే ఇంజెక్షన్‌గా ఇచ్చేవారు. ఫ్లూ వైరస్ ఒక్కటీ ఒంట్లో లేకపోయినా వాళ్లకి అచ్చం ఫ్లూ లక్షణాలే వచ్చేవి. అంటే ఆ బాధలో పెద్ద వాటా మన పక్షానిదే.

జ్వరమూ అంతే. మాక్రోఫేజులు వదిలిన ఐఎల్-1, ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ అనే రసాయనాల వల్ల మెదడులోని హైపోథాలమస్ దగ్గర ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే ఇంకో రసాయనం తయారవుతుంది. ఒంటి వేడి ఎంత ఉండాలన్న లెక్క 37 నుంచి, ఉదాహరణకి 39కి మారుతుంది. ఒళ్లు ఇంకా 37 దగ్గరే ఉంది కాబట్టి మెదడు దాన్ని చలి కింద లెక్కగడుతుంది. వణుకు, దుప్పటి, చల్లబడ్డ కాళ్లూ చేతులూ. మందు వేసినా, జబ్బు తిరిగినా లెక్క మళ్లీ 37కి దిగుతుంది, ఇప్పుడు ఒళ్లు వేడి ఎక్కువ, చెమటలు పోస్తాయి. చలితో వణుకుతున్న మనిషిని ఐసు నీళ్లతో తుడిస్తే వణుకు పెరుగుతుంది తప్ప లెక్క మారదు.

జ్వరం వల్ల లాభం ఉందా? 1975లో మాథ్యూ క్లూగర్ బృందం ఎడారి ఇగువానాలకి బ్యాక్టీరియా ఎక్కించి వేరువేరు వేడిమిలో ఉంచింది. తమంతట తాము ఒళ్లు వేడి చేసుకోలేని బల్లి జాతి అది. ఎక్కువ వేడిలో ఉంచినవి ఎక్కువగా బతికాయి, చల్లటి చోట ఉంచినవి ఎక్కువగా చచ్చాయి. అయితే జ్వరం ఉచితం కాదు. ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కీ శరీరం ఖర్చు 10-12 శాతం పెరుగుతుంది. గుండె జబ్బున్నవాళ్లకి అది భారం. నా మాట ఏమిటంటే, థర్మామీటరుకి కాకుండా మనిషికి వైద్యం చెయ్యాలి. 38.5 ఉన్నా ఆడుకుంటున్న పిల్లవాడికి మందు అక్కర్లేదు. ఒళ్లునొప్పులతో నీళ్లు కూడా తాగలేకపోతుంటే పారాసెటమాల్ ఇవ్వాలి: పిల్లలకి కిలో బరువుకి 10-15 మిల్లీగ్రాములు, డోసుకీ డోసుకీ మధ్య 4-6 గంటలు, రోజులో నాలుగు డోసులు మించకుండా. మూడు నెలల్లోపు పసికందుకి 38 దాటితే మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు, వెంటనే చూపించాలి.

మరో చిన్న సంగతి, చాలామంది గమనించనిది. ఇన్ఫెక్షన్ మొదలవగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను వదిలి రక్తంలోని ఇనుముని దాచేస్తుంది, బ్యాక్టీరియాకి పెరగడానికి ఇనుము కావాలి గనక. కాబట్టి జ్వరంలో చేయించిన ఐరన్ టెస్టులో సీరమ్ ఐరన్ తక్కువ, ఫెరిటిన్ (ఇనుముని నిల్వ ఉంచే ప్రొటీన్) ఎక్కువ వస్తాయి. ఆ రిపోర్టు పట్టుకుని రక్తహీనత ఉందనో లేదనో తేల్చకూడదు. తగ్గిన కొన్ని వారాలకి మళ్లీ చేయించుకోవాలి.

ఇంతవరకూ చెప్పినదంతా కాలయాపన. అసలు పని లింఫు గ్రంథుల్లో జరుగుతోంది.

గాయం దగ్గర క్రిమి ముక్కలు మింగిన డెండ్రైటిక్ కణం ఒక రోజులో దగ్గరి లింఫు గ్రంథికి నడిచి వెళ్తుంది. అక్కడ దానికి కావాల్సింది ఆ ముక్కని గుర్తుపట్టగల టీ కణం. అలాంటిది లక్షకో, పది లక్షలకో ఒకటి ఉంటుంది. రక్తంలో తిరిగే టీ కణాలు గ్రంథిలోకి వస్తూ పోతూ ఉంటాయి. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు గ్రంథి బయటికి పోయే దారి కాసేపు బిగించి వచ్చినవాళ్లని వచ్చినట్టు ఆపుకుంటుంది. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ల కట్టడం అందుకే. సరైనది దొరికాక అది ఒక రోజు తయారీలో ఉండి, తర్వాత చీలడం మొదలుపెడుతుంది. ఎనిమిది గంటలకోసారి రెండింతలనుకున్నా అయిదు రోజుల్లో 15 విడతలు, అంటే ఒకటి 32,768 అవుతుంది. వెతకడానికి ఒకటి రెండు రోజులు, పెరగడానికి నాలుగైదు. వారం ఎక్కడ పోయిందో లెక్క తేలింది కదా. ఎన్ని చ్యవనప్రాశలు తిన్నా, ఎన్ని కషాయాలు తాగినా కణం చీలడానికి పట్టే గంటలు తగ్గవు.

యాంటీబాడీలు తయారుచేసే బీ కణాల పని ఇంకా నెమ్మది. ముందు ఐజీఎం రకం యాంటీబాడీ అయిదు నుంచి ఏడు రోజుల్లో కనిపిస్తుంది. దాని పట్టు అంతంతమాత్రం. ఆ తర్వాత గ్రంథిలో జెర్మినల్ సెంటర్లు ఏర్పడతాయి. అక్కడ బీ కణాలు తమ యాంటీబాడీ జన్యువుని కావాలని తప్పులు పడనిస్తూ చీలుతాయి. తప్పుల్లో ఎక్కువ భాగం పనికిమాలినవి, ఆ కణాలు చచ్చిపోతాయి. ఏ తప్పు వల్ల పట్టు బిగిసిందో ఆ కణానికే మళ్లీ చీలే అవకాశం. ఈ వడపోత వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి సాగుతుంది. చాలా టీకాల్లో మొదటి డోసుకీ రెండోదానికీ మధ్య కనీసం నాలుగు వారాలు, హెపటైటిస్-బికి 0, 1, 6 నెలలు అని గడువు పెట్టేది ఈ వడపోత పూర్తవ్వాలనే. తొందరపడి వారానికే రెండో డోసు వేస్తే, అప్పటికి ఎంపికే కాని కణాల్ని రెచ్చగొట్టినట్టవుతుంది. ఆలస్యమైతే మాత్రం దాదాపు ఏ టీకాకీ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటునుంచి వేసుకోవచ్చు.

ఈ క్యాలెండరు తెలిస్తే టెస్టుల డబ్బు కూడా మిగులుతుంది. డెంగీ అనుమానంతో రెండో రోజు ఐజీఎం చేయిస్తే నెగెటివ్ వస్తుంది, ఎందుకంటే అది అప్పటికింకా పుట్టలేదు. ఆ రోజుల్లో చేయించాల్సింది వైరస్ ప్రొటీన్‌ని పట్టే ఎన్‌ఎస్1. ఐజీఎం నాలుగైదు రోజుల తర్వాతే. టైఫాయిడ్‌కి మూడో రోజే యాంటీబాడీలని చూసే వైడాల్ టెస్టు రాయడమూ ఇలాంటిదే. ఆ సమయంలో బ్లడ్ కల్చరే నమ్మదగ్గది, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు తీస్తేనే.

క్రిమి ఓడిపోయాక పెరిగిన టీ కణాల్లో 90-95 శాతం చచ్చిపోతాయి. మిగిలినవే జ్ఞాపకం. ఆ జ్ఞాపకం ఎన్నాళ్లుంటుందో చెప్పడానికి ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫెరో దీవుల కంటే మంచి సాక్ష్యం లేదు. అక్కడ 1781లో తట్టు వచ్చింది, మళ్లీ 1846 దాకా రాలేదు. రెండోసారి సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మందికి పైగా పడకేశారు. డెన్మార్క్ నుంచి వెళ్లిన యువ వైద్యుడు పీటర్ పానమ్ ఇంటింటికీ తిరిగి రాసుకున్నదాని ప్రకారం, 65 ఏళ్ల కిందట తట్టు వచ్చి తగ్గిన ముసలివాళ్లలో ఒక్కరికీ మళ్లీ రాలేదు.

అయితే ఇదే జ్ఞాపకం ఫ్లూ దగ్గర ఎందుకు పనిచెయ్యదు? వైరస్ వేషం మార్చుకుంటుందన్నది సగం సమాధానం. మిగతా సగం మళ్లీ గడియారమే. జ్ఞాపక కణాలు కూడా నిద్రలేచి పెరగడానికి మూడు నుంచి అయిదు రోజులు తీసుకుంటాయి. తట్టు ఒంట్లో చేరాక లక్షణాలు రావడానికి 10-14 రోజులు పడుతుంది కాబట్టి వాటికి బోలెడు టైము. ఫ్లూకి సగటున రెండే రోజులు. జ్ఞాపకం లేచేసరికి జ్వరం వచ్చేసింది. రక్తంలో, ముక్కు గొంతు పొరల్లో అప్పటికే తయారుగా యాంటీబాడీలుంటే తప్ప ఫ్లూ సోకకుండా ఆపలేం, అవేమో నెలల్లో తగ్గిపోతాయి. కానీ ఊపిరితిత్తుల లోతుకి దిగడానికి వైరస్‌కి ఇంకొన్ని రోజులు కావాలి, ఆలోపు జ్ఞాపక కణాలు అందుకుంటాయి. "టీకా వేయించుకున్నా వచ్చింది, కాబట్టి దండగ" అనేవాళ్లు ఈ రెండు గడియారాల్ని కలిపేస్తున్నారు.

హెపటైటిస్-బి దీనికి సరిగ్గా అవతలి ఒడ్డు. టీకా మూడు డోసులయ్యాక యాంటీబాడీ మిల్లీలీటరుకి 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టు. పదేళ్లకి చూస్తే చాలామందిలో అది 10 కంటే కిందికి పడిపోతుంది. భయపడి బూస్టర్ కోసం పరిగెత్తక్కర్లేదు. ఆ జబ్బు బయటపడటానికి 60 నుంచి 150 రోజులు పడుతుంది, ఈలోగా జ్ఞాపక కణాలు ఎప్పుడో పని ముగించేస్తాయి. డయాలసిస్ రోగులకీ, రోగనిరోధక శక్తి దెబ్బతిన్నవాళ్లకీ మాత్రం ఈ ధీమా పనికిరాదు. వాళ్లకి పరీక్ష చేసి బూస్టర్ వేయాల్సిందే.

రేబిస్‌లో అయితే ఈ పందెం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. వైరస్ రక్తంలోకి వెళ్లదు, కరిచిన చోటి నరం పట్టుకుని మెదడు వైపు పాకుతుంది. మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు, మొహం మీదో మెడ మీదో కరిస్తే ఇంకా తక్కువ. టీకాకి యాంటీబాడీలు రావడానికి ఏడు నుంచి పద్నాలుగు రోజులు. కాబట్టి సబ్బూ, ధారగా పారే నీళ్లతో గాయాన్ని పదిహేను నిమిషాలు కడగాలి, టీకా ఆ రోజే మొదలుపెట్టాలి. చర్మం తెగి రక్తం వచ్చిన కాటైతే ఆ మొదటి వారం ఖాళీని పూడ్చడానికి ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే ఎవరో తయారుచేసిపెట్టిన యాంటీబాడీలు, గాయం చుట్టూ లోపలికి ఎక్కించాలి. మనిషి నుంచి తీసినదైతే కిలోకి 20 యూనిట్లు, గుర్రం నుంచి తీసినదైతే 40. మొదటి టీకా వేసిన ఏడు రోజులు దాటితే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వరు. అప్పటికి సొంతవి వస్తున్నాయి, అరువువి వాటికి అడ్డం. మునుపే పూర్తి కోర్సు వేసుకున్నవాళ్లకి అసలు అరువే అక్కర్లేదు, 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు. ఇంతా తెలిసి కూడా జనం ఎక్కువగా తప్పేది మొదటి మెట్టు దగ్గరే. గాయం కడగరు, లేదా పైపైన కడిగి పసుపో సున్నమో అద్దుతారు.

ధనుర్వాతం సంగతి మరీ విచిత్రం. మనిషిని చంపడానికి చాలే టెటనస్ విషం ఎంత తక్కువంటే, అంత కొద్దిపాటి సరుకుని రోగనిరోధక వ్యవస్థ గమనించనే గమనించదు. కాబట్టి ధనుర్వాతం వచ్చి బతికిన మనిషికి ఆ జబ్బు మీద ఇమ్యూనిటీ రాదు. కోలుకుంటున్నప్పుడే టీకా మొదలుపెట్టి కోర్సు పూర్తి చెయ్యాలి. "జబ్బు వచ్చి తగ్గితే వచ్చే సహజ ఇమ్యూనిటీయే మేలు" అనేవాళ్ల దగ్గర దీనికి జవాబు నేనింతవరకూ వినలేదు. తట్టు విషయంలోనూ ఆ మాట నిలవదు. తట్టు వైరస్ జ్ఞాపక కణాల్లోకే దూరుతుంది. 2019లో టీకా వేయించుకోని పిల్లల్ని పరిశీలిస్తే, తట్టు తర్వాత పాత జబ్బుల మీద వాళ్లకున్న యాంటీబాడీ రకాల్లో 11 నుంచి 73 శాతం దాకా చెరిగిపోయాయి. తట్టు మీద ఇమ్యూనిటీ వచ్చింది, మిగతావి పోయాయి.

టైముకి మొదలవడం ఎంత ముఖ్యమో టైముకి ఆగడం అంతే ముఖ్యం. డెంగీలో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గాక వేరే రకం వస్తే, పాత యాంటీబాడీలు కొత్తదాన్ని పట్టుకుంటాయి గానీ చంపలేవు, పైగా దాన్ని మాక్రోఫేజుల లోపలికి దిగబెడతాయి. సాధారణంగా మూడు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేది అప్పుడే, రక్తనాళాలు కారడం మొదలయ్యేది కూడా అప్పుడే. ఆ 24-48 గంటల్లో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లాలి. అందరూ ప్లేట్‌లెట్ల సంఖ్యనే చూస్తారు. నన్నడిగితే పక్కనే ఉన్న హెమటోక్రిట్‌ని (రక్తంలో ఎర్రకణాల వాటాని) చూడండి అంటాను. అది 20 శాతం పెరిగిందంటే నీరు నాళాల్లోంచి బయటికి పోతోందని అర్థం.

కోవిడ్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ నేర్పిన పాఠమూ ఇదే. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. రోజుకి 6 మిల్లీగ్రాములు పది రోజుల దాకా ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల చావులు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ల చావులు అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి లాభమే లేదు. ఒకటే మందు, అదే మోతాదు. రెండో వారంలో అది ప్రాణం నిలబెట్టింది, ఎందుకంటే అప్పటికి ఊపిరితిత్తుల్ని పాడుచేస్తున్నది ఎక్కువగా మన కణాలే. మొదటి రోజుల్లో మింగితే వైరస్‌ని అడ్డుకునేవాళ్ల చేతులు కట్టేసినట్టు, షుగరు కూడా పెరుగుతుంది.

నిజంగానే ఇమ్యూనిటీని పెంచి చూసిన సందర్భం ఒకటుంది. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే మందుని ఆరుగురు ఆరోగ్యవంతులకి ఎక్కించారు. టీ కణాల్ని నేరుగా మేల్కొలిపే యాంటీబాడీ అది. జంతువుల్లో సురక్షితమని తేలిన మోతాదులో 500వ వంతే ఇచ్చారు. గంటన్నరలోపే తలనొప్పి, వాంతులు, బీపీ పడిపోవడం మొదలై, ఆరుగురికీ అవయవాలు ఒకదాని వెంట ఒకటి దెబ్బతిన్నాయి. అందరూ బతికారు గానీ, ఐసీయూలో. ఒంట్లో ఒక్క క్రిమీ లేదు. టీ కణాల్ని అదుపులో పెట్టే రెగ్యులేటరీ టీ కణాల మీద పనికే సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్‌లకి 2025 నోబెల్ దక్కింది. సీసాల వాళ్లు ఆ వార్త చదివినట్టు లేదు.

అలాగని చెయ్యగలిగిందేమీ లేదని కాదు. లోటు ఉన్నచోట పూడిస్తే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తట్టు వచ్చిన పిల్లలకి విటమిన్-ఎ రెండు రోజులు వరసగా ఇస్తే (ఏడాది దాటినవాళ్లకి రోజుకి 2 లక్షల యూనిట్లు) కళ్లూ ప్రాణాలూ దక్కుతాయి. విరేచనాలున్న ఆరు నెలలు దాటిన పిల్లలకి జింకు రోజుకి 20 మిల్లీగ్రాములు 10-14 రోజులు ఇవ్వాలి. లోటు లేనిచోట ఎక్కువ పోస్తే మాత్రం మిగిలేది ఖర్చే. విటమిన్-సి రోజూ మింగినా మామూలు జనంలో జలుబులు తగ్గలేదు, వచ్చిన జలుబు పెద్దల్లో 8 శాతం త్వరగా తగ్గింది. అయిదు రోజుల జలుబుకి అది పది గంటల లోపు. షుగరు అదుపు, పొగ మానడం, కంటినిండా నిద్ర: వీటిలో అమ్మడానికేమీ లేదు కాబట్టి ప్రకటనలు రావు.

టైముని చేతిలోకి తీసుకోగల సందర్భాలు కొన్ని ఉన్నాయి, అవి చేజారడం చూస్తే బాధేస్తుంది. ఇంట్లో ఒకరికి తట్టు వస్తే, టీకా పడని పెద్దపిల్లలకి 72 గంటల్లో టీకా వేస్తే జబ్బు రాకుండా ఆగవచ్చు. కీళ్లవాతానికి టీఎన్‌ఎఫ్ మందు మొదలుపెట్టేముందు గుప్త క్షయకి పరీక్ష చెయ్యాలి, ఎందుకంటే ఊపిరితిత్తుల్లో క్షయ క్రిముల చుట్టూ కట్టిన గోడ నిలబడేది టీఎన్‌ఎఫ్ వల్లే. రక్తంలోని క్రిముల్ని వడగట్టే ప్లీహం తీసే ఆపరేషన్ ముందే ఖాయమైతే న్యుమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ టీకాలు కనీసం రెండు వారాల ముందు పడాలి. ప్రమాదంలో పగిలి అప్పటికప్పుడు తీసేస్తే, ఆపరేషన్ అయిన పద్నాలుగు రోజులకి వేస్తారు. కానీ అప్పటికి డిశ్చార్జి అయిపోయి ఉంటుంది, గుర్తుచేసేవాళ్లు ఉండరు. డిశ్చార్జి కాగితం మీద టీకా తేదీలు రాశారో లేదో అక్కడే చూసి అడగండి. ఆ తర్వాత ఎప్పుడు చలిజ్వరం వచ్చినా "ప్లీహం లేదు" అన్న మాట అన్నిటికంటే ముందు చెప్పండి, యాంటీబయాటిక్ మొదలుపెట్టడానికి రిపోర్టుల కోసం ఆగకూడని జ్వరం అది.